‘గొంతు లేదు’ అనే తీర్పు

“వాడికి గొంతుంది”, “దానికి గొంతు లేదు”. మన ఇళ్ళల్లో ఈ మాటలు ఎంత తేలిగ్గా అనేస్తామో! పొడుగూ పొట్టీ లాగా అదేదో పుట్టుకతో వచ్చిన కొలత అన్నట్టు. ఏడాదిగా శని, ఆదివారాలు ఏలూరులో ఒక మాస్టారి దగ్గర గాత్రం మొదటి పాఠాలు నేర్చుకుంటున్నాను. కీర్తనల దాకా ఇంకా రాలేదు. ఈ కాస్త చదువుకే ఒక సంగతి నాకు గట్టిగా అనిపిస్తోంది. ‘గొంతు లేదు’ అనేది చాలాసార్లు నిజం కాదు, తీర్పు. తీర్పు అన్నాక ఇచ్చినవాళ్ళకి బాధ్యత ఉండాలి కదా?

మొదటి పాఠంలో ఏముంటుంది? నిటారుగా కూర్చోవాలి. భుజాలు పైకి లేవకుండా, పొట్టా పక్కటెముకలూ విచ్చుకునేలా గాలి తీసుకోవాలి. శ్రుతిపెట్టెతో కలిసి ‘ఆ’ అని ఒకే స్థాయిలో నిలపాలి. కష్టమంతా గాలి పీల్చడంలో కాదు, వదలడంలో ఉంది. కొల్లేరు తెలిసినవాళ్ళకి ఇది చెప్పడం సులువు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇన్ని తెచ్చిపోసిన నీళ్ళు ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. వచ్చే నీళ్ళు ఎన్నైనా, పోయే దారిని బట్టే సరస్సు ఉంటుంది. కొత్తగా పాడేవాళ్ళు మొదటి రెండు మాటల్లోనే గాలంతా ఖర్చుపెట్టేస్తారు. చివరికొచ్చేసరికి స్వరం కిందకి జారుతుంది. వినేవాళ్ళు గొంతు లేదంటారు. నిజానికి అక్కడ లేనిది గాలి.

రెండోది శ్రుతి. మన సంగీతంలో షడ్జమానికి స్థిరమైన చోటు లేదు, ఎవరి ‘స’ వాళ్ళది. మగవాళ్ళు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతుల దగ్గర పాడతారు, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర దగ్గర. మనం ఏం చేస్తాం? సినిమా పాటని రికార్డులో ఉన్న శ్రుతిలోనే పట్టుకుంటాం. చరణం పైకి వెళ్ళగానే అందదు. ఇంకొకరి చొక్కా పట్టలేదని మన ఒంటిని తిట్టుకోవడం ఇది. మా ఉద్యోగంలో ప్రోగ్రాం ఆగిపోతే ‘దీనికి ప్రతిభ లేదు’ అనం, ఎక్కడ ఆగిందో చూస్తాం. మనుషుల విషయంలో ఆ పాటి ఓపిక ఎందుకుండదు?

మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, తర్వాత జంట స్వరాలు, అలంకారాలు, అన్నీ మూడు కాలాల్లో. ఈ వరస పురందరదాసు ఏర్పరిచారని సంప్రదాయం చెప్తుంది. గొంతు పూర్తిగా పుట్టుకతో వచ్చేదే అయితే ఈ ఏర్పాటంతా దేనికి? గొంతు తయారయ్యే వస్తువు అన్న నమ్మకం ఆ పాఠాల్లోనే ఉంది.

“మరి ఘంటసాల?” అంటారు. మా వైపు ఆయన ప్రస్తావన రాకుండా గొంతు గురించి మాట్లాడటం కుదరదు. 1922లో కొల్లేటికి అవతల, గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం కోసం విజయనగరం వెళ్ళి, మధూకరం ఎత్తుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. దాన్ని ‘దేవుడిచ్చిన గొంతు’ అన్నప్పుడు ఆయన్ని పొగుడుతున్నామనే అనుకుంటాం. కానీ ఆ పొగడ్తలో ఆ జోలె కనపడదు, ఆ గురువూ కనపడరు. పొగడ్తా తిరస్కారమూ ఒకే నమ్మకంలోంచి వస్తున్నాయి: గొంతు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

బాలసుబ్రహ్మణ్యం గారు శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదు, అయినా ‘శంకరాభరణం’ పాడారు కదా అనొచ్చు. పాఠశాల పద్ధతిలో నేర్చుకోలేదు, నిజమే. సంగీత దర్శకుల దగ్గర పాట తర్వాత పాట నేర్చుకుంటూనే ఉన్నారు. అదీ చదువే.

తేడాలు లేవని అనను. స్వరతంత్రుల పొడవూ మందమూ అందరికీ ఒకటి కాదు. సాధన చేస్తే అందరం ఘంటసాల అయిపోం. అయితే పాడే హక్కుకీ ఘంటసాల కావడానికీ సంబంధం ఏమిటి? ఈత వచ్చిన ప్రతివాడూ పందెం గెలవక్కర్లేదు.

ఈ తీర్పు బరువు అందరి మీదా సమానంగా పడదు కూడా. తాడేపల్లిగూడెంలో మా మేనత్తని చిన్నప్పుడు బడిలో ప్రార్థన పాడే జట్టులో నిలబెట్టి, పెదాలు మాత్రం ఆడించమన్నారట. ఆ తర్వాత ఆవిడ వంటింట్లో, ఎవరూ లేనప్పుడు మాత్రమే కూనిరాగం తీసేది. మగపిల్లాడి గొంతు బాగోకపోయినా వినాయక చవితి పందిట్లో మైకు దొరుకుతుంది. ఆడపిల్లకి ఒక్క మాట చాలు, యాభై ఏళ్ళు నోరు మూయించడానికి. అన్నవాళ్ళకి ఆ మాట సాయంత్రానికే గుర్తుండదు.

అందుకే ఎవరికైనా గొంతు లేదనబోయే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలనిపిస్తుంది. ఏ శ్రుతిలో పాడించాం? గాలి ఎలా వదలాలో ఎవరైనా చెప్పారా? తన గొంతు తను వినే అవకాశం ఎప్పుడైనా ఇచ్చామా? వీటికి జవాబు లేకుండా చెప్పే మాట సంగీతం గురించి కాదు, మన తొందర గురించి.

మొన్న ఫోన్లో తంబూరా పెట్టి, శ్రుతి మారుస్తూ మా అత్తతో ‘స’ పలికించాను. ఆవిడది నాలుగున్నర. ఆ సంగతి ఆవిడకి అరవై రెండో ఏట తెలిసింది.