గోడకందని తీగ

ఢిల్లీ మహానగరములో అద్దె యింట దిగిన గృహస్థుడు మొదటి వారముననే నేర్చుకొను పాఠమొకటి కలదు. అంగడినుండి తెచ్చిన వస్తువు ఒకచోట నుండును. గోడలోని విద్యుత్తు మరియొకచోట నుండును. ఆ రెంటి నడుమ మూరెడు దూరము మిగిలిపోవును. నీరు కాచు కెటిల్ తీగ వంటగట్టు చివరివరకు పోదు. ఇస్త్రీపెట్టె తీగ మంచము దాటదు. కిటికీ వెలుపల ఇనుప చట్రముపై నిలిపిన కూలరు తీగ, తలుపు ప్రక్కనున్న స్విచ్చిబోర్డు వైపు చూచునే గాని దానిని చేరదు. నవ్వి ఊరకుండదగిన చిక్కువలె నిది కనిపించును. కాని ఆ మూరెడు దూరమును ఎవరు పూరింపవలెనను ప్రశ్న వేసినంతనే అది ధర్మవిచారముగా మారును.

తీగ పొట్టిగా నుండుటకు కారణము లేకపోలేదు. మరుగుచున్న నీటిపాత్ర తీగ గట్టు అంచునుండి వ్రేలాడుచుండిన యెడల, అప్పుడప్పుడే నిలబడ నేర్చిన బిడ్డ దానినే ఊతముగా పట్టుకొనును. పట్టి లాగిన క్షణమున సలసల క్రాగు నీరు ఆ లేత శరీరముపై పడును. నేలపై పాకు పొడుగు తీగ వృద్ధుల పాదములకు తగిలి వారిని పడవేయును. ఈ రెండు ప్రమాదములును కల్పితములు కావు. అమెరికా దేశములో వంటగట్టుపై నుంచు వస్తువులకు బుద్ధిపూర్వకముగనే పొట్టి తీగ నిచ్చుట, తగులుకొని పడకుండుటకును చిక్కుపడకుండుటకును అట్లు చేసితిమని వాడుక సూచనల పత్రములో ముద్రించుట, చిరకాలపు ఆచారము. పొట్టి తీగకు మూలము లోభము మాత్రమేయని తీర్పు చెప్పువాడు తొందరపడుచున్నాడనవలెను. దాని పుట్టుకలో దయ కలదు.

అయితే ఆ దేశమున ఈ దయ ఒంటరిగా లేదు. నివాసగృహపు గోడ పొడవున ఏ స్థానమునుండి కొలిచినను 6 అడుగులలోపల ఒక సాకెట్టు ఉండవలెననియు, వంటగట్టు వెంబడి ఏ స్థానమును సాకెట్టునకు 24 అంగుళములకంటె దూరముగా నుండరాదనియు అచటి విద్యుత్ నియమావళి విధించుచున్నది. అనగా ఒకరు తీగను కుదించిరి, మరియొకరు గోడను దగ్గరకు తెచ్చిరి. వస్తువును చేయువాడును ఇల్లు కట్టువాడును ఒకరి మాట నొకరు విన్నట్లే యీ యేర్పాటు కనిపించును. ఆ రెండు చేతులును కలిసినప్పుడే తీగ యొక్క పొట్టితనము రక్షణ యగుచున్నది.

ఢిల్లీ ఇండ్లలో కనబడునది ఈ కథలోని పూర్వార్ధము మాత్రమే. ఈ నగరమునకు విద్యుత్తు వచ్చినది 1905లో, జాన్ ఫ్లెమింగ్ అను కంపెనీ నెలకొల్పిన చిన్న డీజిలు కేంద్రముతో. అటుపిమ్మట చాలకాలము సామాన్యుని యింట విద్యుత్తనగా దీపము; మరికొంత కాలమునకు దీపమును పంకాయును. 1947లో దేశవిభజన జరిగిన తరువాత కాందిశీకుల కొరకు వెలసిన లాజపత్ నగర్, రాజేంద్ర నగర్ వంటి పేటలు పెరిగినను, 1957లో ఏర్పడిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ వేలకొలది ఫ్లాటులు కట్టించినను, సామాన్యపు గదిలో తలుపు ప్రక్కను, మనిషి భుజమెత్తున, ఒక బోర్డు నిలుచుటయే వాడుక అయినది. దానిమీద దీపమునకు, పంకాకు స్విచ్చులు. వానితో పాటు ఒక్క సాకెట్టు. జనులు మాత్రము ఆ గోడల కాలముననే నిలిచిపోలేదు. వట్టివేళ్ల తడికలపై నీరు చల్లి వడగాలిని చల్లార్చుకొనిన నగరము కూలరునకు మారినది. కుంపటి పోయి హీటరు వచ్చినది. వేసవిలో వేడిమి 45 డిగ్రీలు దాటి, పుష్యమాసపు రాత్రులలో 5 డిగ్రీలకు దిగు ఈ ప్రాంతమున ఇవి విలాసవస్తువులు కావు. పసిబిడ్డయు వృద్ధులును ఉన్న యింట అవి ప్రాణరక్షణ సాధనములే.

ఇట్టి యింట జరుగు సంభాషణను ఊహించుట కష్టము కాదు. ఆంధ్రదేశమునుండి ఉద్యోగార్థమై వచ్చిన చిన్న గుమాస్తా యమునకు తూర్పున ఒక గది అద్దెకు తీసికొని, తొలి వేసవిలో కూలరు కొనితెచ్చినాడనుకొనవలెను. తీగ బోర్డును చేరలేదు. "ఏమండీ, కూలరునే ఇటు జరుపుదమన్న ఉన్నది ఒక్క కిటికీయే గదా!" అని ఇల్లాలు అనును. అతడు పోయి ఇంటి యజమానిని అడుగును. "గోడ చెక్కిన మరల సున్నము వేయించవలెను, బాబూజీ. ఒక బోర్డు కొనితెచ్చుకొనరాదా? అందరును అట్లే చేయుచున్నారు" అని ఆయన మర్యాదగనే సెలవిచ్చును. యజమాని దుర్మార్గుడు కాడు. గుమాస్తా అవివేకి కాడు. ఆ సాయంకాలము చాందినీ చౌకులోని భగీరథ ప్యాలెస్ అంగళ్లలోనో, పేట మూలనున్న చిన్న దుకాణములోనో ఎక్స్‌టెన్షన్ బోర్డొకటి కొనబడును. మూరెడు దూరము పూర్తియగును. అసలు ప్రమాదము అచటనే ఆరంభమగును.

ఏలయనగా, తీగ పొడవు దానియంతట అదియే దోషము కాదు. తగిన లావు గల రాగితీగ నాలుగు మూరలున్నను ఇంటి వాడుకలో అపాయము లేకుండ పని చేయగలదు. అపాయము సన్నదనములో నున్నది, బరువులో నున్నది, వదులైన అతుకులో నున్నది. భారతదేశపు ఇండ్లలో విద్యుత్తు 230 వోల్టుల ఒత్తిడితో వచ్చును. 2000 వాట్ల హీటరు దాదాపు 8.7 ఆంపియర్ల ప్రవాహమును త్రాగును. సామాన్యమైన చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకే ఉద్దేశింపబడినది. పెద్ద బరువులకు 16 ఆంపియర్ల సాకెట్టు వేరుగ నున్నది. హీటరు ప్లగ్గు లావు పిన్నులను చిన్న రంధ్రములకు అమర్చు సాధనము ప్రతి వీధిలోను దొరకును. అది అమరిన పిమ్మట 6 ఆంపియర్ల త్రోవలో 8.7 ఆంపియర్లు నడచును. తీగలో పుట్టు వేడిమి ప్రవాహముతో సమముగా గాక ప్రవాహపు వర్గముతో పెరుగును. కనుక వేడిమి రెట్టింపును మించును. ఆ తీగను చుట్ట చుట్టి మంచము క్రిందికి త్రోసినచో ఆ వేడిమికి పోవుటకు దారి యుండదు. కూలరునకు బరువు తక్కువ. కాని దానికి ఇనుప దేహమును, అడుగున నీరును ఉన్నవి. దాని మూడవ పిన్ను భూమితో సంబంధము కలుపుటకే ఏర్పడినది. రెండు తీగలు మాత్రమే గల చౌక బోర్డు ఆ సంబంధమును త్రెంచివేయును. తడిచేతితో ఆ దేహమును తాకి మరణించినవారి వార్త వేసవిలో పత్రికలకు అపరిచితము కాదు. బిడ్డను వేడినీటినుండి కాపాడవలెనని కుదించిన తీగయే ఆ యింటిలోనికి మరియొక మృత్యువును పిలిచిన ట్లయినది.

ఇచట వస్తునిర్మాత తనవంతు మాట చెప్పియే యున్నాడు. పొడిగింపు తీగలు వాడరాదని వాడుక సూచనలలో ముద్రించియున్నాడు. ఆ వాక్యము హెచ్చరికయా, హస్తప్రక్షాళనమా? ఆప్తుని మాటను ప్రమాణముగా స్వీకరించిన న్యాయదర్శనమునందు, ఆప్తుడన ఎవరో వాత్స్యాయన భాష్యము చెప్పినది. విషయమును ఉన్నదున్నట్లు ఎరిగినవాడును, ఎరిగినదానిని ఎరిగినట్లే తెలుపగోరువాడును ఆప్తుడు. ఈ కొలతతో చూచినచో నిర్మాత సగము ఆప్తుడు మాత్రమే. తీగను అతడు సంపూర్ణముగా నెరుగును. గోడను ఎరుగడు, ఎరుగ యత్నింపలేదు. ఆజ్ఞను పాలించుటకు మార్గము చూపక పాలింపుమనుట బోధ యనిపించుకొనదు. ఆచరింపజాలని హెచ్చరిక వినువానికి రక్షణ కానేరదు. చెప్పినవానికి మాత్రము రక్షణ యగును.

మరియొక చిక్కు కలదు. పొట్టి తీగ దయకు మాత్రమే గాక లాభమునకును అనుకూలము. ఒక చదరపు మిల్లీమీటరు మందము గల మూడు రాగితీగలు కలిసిన వైరును మీటరు తగ్గించిన దాదాపు 27 గ్రాముల రాగి మిగులును. లక్ష కెటిళ్లకు మిగులు రాగి 2,700 కిలోలకు చేరువ. దయయు లాభమును ఒకే త్రోవన నడచుచుండగా ముందు నడచునది ఏదో చూచువానికెట్లు తెలియును? 1785లో జర్మను తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ ఈ ప్రశ్ననే ఒక వర్తకుని దృష్టాంతముతో విచారించినాడు. తెలియనివారి వద్దను పసిపిల్లల వద్దను ఎక్కువ వెల తీసికొనని వర్తకుడు ధర్మమునకు అనుగుణముగనే నడచుచున్నాడు. కాని ధర్మము కొరకు నడచుచున్నాడో, తన అంగడి పేరు కొరకు నడచుచున్నాడో ఆ నడత వలన తెలియదు. రెండు త్రోవలును వేరైన చోటనే మనస్సు తెలియును.

తీగ విషయమున అవి వేరగు చోటు లేకపోలేదు. అవసరమైనంత విప్పుకొని మిగిలినది పాత్ర పీఠము క్రింద చుట్టిపెట్టుకొను ఏర్పాటు చేయవచ్చును. ఒకే వస్తువును రెండు కొలతల తీగలతో అమ్మవచ్చును. ఊడదీయదగిన తీగ నిచ్చి, తగిన లావు గల పొడుగు తీగను వేరుగ దొరకునట్లు చేయవచ్చును. ఇవి బిడ్డను రక్షించును, గోడను కూడ చేరును. అయితే వీనికి ఖర్చు కలదు. గది యంతయు తిరుగవలసిన దుమ్ము పీల్చు యంత్రమునకు పొడుగు తీగయు, దానిని లోపలికి చుట్టుకొను సాధనమును కూర్చుట నిర్మాతలకు చేతకాని పనిగా తోచలేదు. అది లేనిచో ఆ యంత్రము అమ్ముడుపోదు. లాభము కోరినప్పుడు దొరకిన ఉపాయము, క్షేమము కోరినప్పుడును దొరకవలెను గదా!

ఇచట ఒక ఆక్షేపము వినవలసియున్నది. ఇంత విచారమేల? పొడుగు తీగనిచ్చి, మంచిచెడ్డలు గృహస్థునికే విడిచిపెట్టరాదా? 1859లో వెలువడిన స్వాతంత్ర్యమను గ్రంథములో జాన్ స్టూవర్ట్ మిల్, ఒకని మేలు కొరకేయని వానిని నిర్బంధించుట తగదని వాదించినాడు. పెద్దవాడు తన చేయి తాను కాల్చుకొనదలచిన ఆ వాదము నిలుచును. కాని గట్టు అంచున వ్రేలాడు తీగను లాగునది తీగను కొనిన పెద్దవాడు కాదు. తనంతట తాను తీర్పు చెప్పుకొనజాలని పసివారికి ఆ సూత్రము వర్తింపదని మిల్ కూడ అంగీకరించినాడు. కనుక ఎంపికను గృహస్థునికి వదలుట సమస్యను తీర్చదు. బరువు మోయజాలనివాని భుజముపైకి దానిని మార్చును. బిడ్డ నిమిత్తము తీగను కుదించుట న్యాయమే. కుదించిన తీగకు గోడను అందింపకుండుటయే అన్యాయము.

విద్యుత్తు లేని కాలమున ఢిల్లీ బంగళాలలో పైకప్పు నుండి లాగుడు పంకా వ్రేలాడుచుండెడిది. దాని త్రాడు మాత్రము పొట్టిది కాదు. గది దాటి, గోడలోని రంధ్రము గుండ వసారాలోనికి పోయెడిది. అచట ఒక కూలివాడు కూర్చుండి రాత్రింబవళ్లు దానిని లాగెడివాడు. లోపలివారి కండ్లకు అతడు కనబడకుండుటకు తగినంత పొడవు ఆ త్రాడునకు ఉండెను. విద్యుత్తు వచ్చి ఆ మనుష్యుని విడిపించినది. అది చిన్న మేలు కాదు. కాని ఆ త్రాడు చెప్పిన సత్యము నేటికిని పోలేదు. సుఖమునకును దాని మూలమునకును నడుమ నున్న దూరము దానంతటది మాయము కాదు. ఎవరో ఒకరు దానిని మోయుచునే యుందురు. మోయువాడు కనబడనప్పుడు లోపలివారు దూరమే లేదనుకొందురు.

నేడు ఆ దూరమును మోయుచున్నవాడు అద్దె గదిలోని చిన్న గృహస్థుడు. యమునకు ఆవల నోయిడాలోను, గాజియాబాదులోను, పడమట గురుగ్రామములోను లేచిన బహుళాంతస్తుల భవనములలో సాకెట్టులు అధికముగనే ఉన్నవి. అచటను సాకెట్టు వెనుక మంచము పడిన దినమున ఇదే కథ మొదలగును. అయితే స్వంత ఇల్లు గలవాడు మేస్త్రీని పిలిచి గోడ చెక్కించుకొనును. పదునొకండు నెలల కాగితముపై నివసించువానికి గోడను ముట్టు అధికారము లేదు. అతడు తన కొలది డబ్బుతో కొలది భద్రతను కొనుక్కొనును. అధికారము తక్కువగా నున్న చోటనే అపాయము ఎక్కువగా చేరుట ఈ చిన్న వస్తువు చూపు పెద్ద దోషము.

కనుక భారమును పంచుకొనవలసినవారు మువ్వురు. నిర్మాత తన వస్తువు ఏ గోడ ప్రక్కకు పోవునో విచారింపవలెను. ఇల్లు కట్టువాడును, అద్దె తీసికొనువాడును గదికి భూసంబంధము గల సాకెట్టులు తగినన్ని ఉంచవలెను. ఒక సాకెట్టు వెల సాధారణముగా ఒక నెల అద్దెకు సరితూగదు. గృహస్థుడు తప్పనిసరియై బోర్డు కొనునెడల, హీటరు బరువు నోపు లావు తీగను, మూడు పిన్నులును నిజముగా పని చేయు బోర్డును ఏరి కొనవలెను. మువ్వురిలో చివరివాడు ఒంటరిగా ఎంత జాగరూకుడైనను మొదటి యిద్దరి లోపమును పూర్తిగా పూరింపజాలడు.

ఇతరుల క్షేమమును కోరి చేసిన పని వారి గడప వరకు వచ్చి ఆగిపోయినచో అది సగము ధర్మము. మిగిలిన సగము మూరెడే కావచ్చును. కాని వేసవి రాత్రి కూలరు ప్రక్కన నిదురించు బిడ్డ పానుపు పరచియున్నది ఆ మూరెడు మేరలోనే.