పొగ నుంచి పోర్టు దాకా

అపార్ట్‌మెంట్ అంతటికీ ఒకే నెట్‌వర్క్ ఉన్నచోట ఎవరో ఒకరు గోడలోంచి వచ్చే వైరును తమ రౌటర్‌లోని వ్యాన్ పోర్టుకు బదులు ల్యాన్ పోర్టుకు తగిలిస్తే చాలు, ఇరుగుపొరుగు ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోవచ్చు. నెట్‌వర్క్‌లో చేరే ప్రతి కంప్యూటరూ తనకో ఐపీ అడ్రస్ కావాలని అందరినీ అడుగుతుంది. జవాబివ్వవలసింది అడ్రస్‌లు పంచే భవనపు డీహెచ్‌సీపీ సర్వర్. ల్యాన్ పోర్టుకు వైరు తగిలించడంతో ఈ రౌటరూ జవాబిస్తుంది. కంప్యూటర్ సాధారణంగా ముందు అందిన జవాబునే తీసుకుంటుంది. అందుకే కొన్ని ఇళ్లలో నెట్ వస్తుంది, కొన్నిట్లో రాదు. ఫలితం అందరికీ తెలుస్తోంది, కారణం మాత్రం ఏదో తలుపు వెనకాల ఉంది. కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఎంతవరకు నిశ్చయించవచ్చన్నది న్యాయదర్శనం అనుమాన ప్రమాణం (పొగను చూసి నిప్పును ఊహించడం వంటిది) కింద చర్చించిన ప్రశ్న.

నదిలో వరద చూసి ఎగువన వాన కురిసిందని గ్రహించడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దీనిపై ఆక్షేపణ గౌతముడి న్యాయసూత్రాల్లోనే ఉంది: అడ్డుకట్ట వల్లా నీరు పెరగవచ్చు, కూత విని నెమలి ఉందనుకుంటే, ఆ కూతను మనిషీ అనుకరించవచ్చు. భాష్యకారుడు వాత్స్యాయనుడి సమాధానం ప్రకారం నీరు పెరగడమొక్కటే హేతువు కాదు. వడి, నురగ, కొట్టుకొచ్చే ఆకులూ కట్టెలూ కలిసిన వరదే హేతువు. హేతువును సరిగా గుర్తించకపోతే ఆ దోషం ఊహించినవాడిది, అనుమానానిది కాదు.

నెట్ రాకపోవడం వట్టి నీటి పెరుగుదల వంటిది. కేబుల్ తెగినా నెట్ రాదు. ఇబ్బంది పడుతున్న కంప్యూటర్‌లో కనిపించే డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రస్ భవనపు సర్వర్‌ది కాకపోవడమే అసలైన గుర్తు. దాని ఆధారంగా, ఐపీ అడ్రస్‌లను మ్యాక్ (హార్డ్‌వేర్) అడ్రస్‌లతో జతచేసే ఏఆర్‌పీ పట్టికలో, జవాబిచ్చిన పరికరపు మ్యాక్ అడ్రస్ దొరుకుతుంది. 48 బిట్ల ఆ అడ్రస్‌లో మొదటి 24 బిట్లు మామూలుగా తయారీ కంపెనీని సూచిస్తాయి. కానీ మ్యాక్ అడ్రస్‌ను సాఫ్ట్‌వేర్‌తో మార్చవచ్చు, కాబట్టి ఇది నెమలి కూత వంటి ఆధారమే. ఇళ్ల వైర్లు కలిసే స్విచ్‌లోని మ్యాక్ పట్టిక ఇంతకన్నా గట్టిది. ఆ అడ్రస్ ఏ పోర్టు వైపు నుంచి వస్తోందో అది చూపిస్తుంది. ఆ పోర్టు అవతల మరో స్విచ్ ఉంటే అక్కడా ఇలాగే చూడాలి. చివరికి ఒక ఫ్లాటుకు వెళ్లే వైరు తేలుతుంది.

తర్వాతిది అన్వయ వ్యతిరేకాల పరీక్ష: వైరు ఉంటే తప్పుడు జవాబు రావాలి, తీస్తే రాకూడదు. ఇక్కడ తొందర పనికిరాదు. ఇదివరకే అడ్రస్ తీసుకున్న కంప్యూటర్లు గడువు ముగిసేదాకా దాన్నే పట్టుకుని ఉండవచ్చు. కుమ్మరి సారె ఆగినా కుండ నిలుస్తుంది. నిమిత్త కారణం పోయినంత మాత్రాన సాధారణంగా కార్యం పోదని నైయాయికుల మతం. కొత్తగా అడ్రస్ అడిగే కంప్యూటర్‌తోనే పరీక్షించాలి.

ఇక తప్పెవరిది? తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు దానిపై తన దీపికా వ్యాఖ్యలో కర్తకు జ్ఞానం, చేయాలనే ఇచ్ఛ, ప్రయత్నం ఉండాలన్నాడు. అచేతనమైన రౌటర్ కర్త కాదు. వైరు తగిలించినవారికి తమ ఇంట్లో వైఫై రావాలన్న ఇచ్ఛ ఉంది. పొరుగింటి నెట్ చెడగొట్టాలన్న ఇచ్ఛ ఉందో లేదో ఏ పట్టికా చెప్పదు. పోర్టు దాకా తెచ్చిన హేతువు మనసు దాకా పోదు.

అసలు పొరపాటు శబ్ద ప్రమాణానికి సంబంధించింది. ఆప్తుడి, అంటే నమ్మదగినవాడి, మాటే ప్రమాణం కావాలి, కంప్యూటర్ మాత్రం ముందు పలికినవాడి మాట నమ్మింది. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అమర్చితే నమ్మదగినదిగా గుర్తించిన పోర్టు నుంచి వచ్చే జవాబులే ముందుకు సాగుతాయి, మిగతావి అక్కడే ఆగిపోతాయి.