అసూయ ప్రేమికుడి హక్కా?

జోనస్ బ్రదర్స్ అనే అమెరికా బృందంలో అన్నలతో కలిసి పాడిన నిక్ జోనస్‌ను మన ఇళ్లలో చాలామంది ప్రియాంకా చోప్రా భర్తగానే ఎరుగుదురు. 2013లో ఆ బృందం విడిపోయింది. మరుసటి ఏడాది ఆయన విడిగా పాడిన ‘జెలస్’ అనే పాట ఎన్నో దేశాల్లో మారుమోగింది. తన ప్రియురాలి వైపు ఇతరులు చూస్తుంటే ఓర్వలేని యువకుడి పాట అది. తప్పు ఆమెది కాదంటూనే, అసూయపడటం తన హక్కని వాదిస్తాడు.

సికింద్రాబాదు గుడుల్లో గిటారు పట్టుకుని పాడే మన పిల్లలకు ఇటువంటి పాటలు కొత్త కాదు. రాగం బాగుంటే వినవచ్చు, పాడుకోవచ్చు. కాని ఆ ‘హక్కు’ అన్న మాట దగ్గర కాసేపు ఆగి ఆలోచించాలి.

పాట కొత్తదే గాని బాధ పాతది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ పడే వేదన మన తెలుగువారికి తెలిసినదే. పునీత అగుస్తీనువారు కార్తేజు నగరంలో గడిపిన తన యౌవనాన్ని తలచుకుంటూ, ప్రేమించినందుకు అసూయ, అనుమానం, భయం, కోపం తనను ఎలా కొరడాలై కొట్టాయో దాదాపు 1600 ఏళ్ల క్రితమే రాశారు. కనుక ప్రేమించినవారికి భయం కలగడం సహజం. అది కలిగినంత మాత్రాన పాపం కాదు. సహజమైనదంతా హక్కు అవుతుందా అన్నదే ప్రశ్న.

పునీత తోమాసు అక్వీనాసువారు ఇక్కడ ఒక మంచి తేడా చూపించారు. గాఢమైన ప్రేమ ఎక్కడున్నా దానికి అడ్డు వచ్చినవాటిపై మండిపాటు ఉంటుంది. కాని అది రెండు విధాలు. ఒకటి, నాకు కావలసినది నాకే దక్కాలంటుంది. రెండవది, నేను ప్రేమించినవారికి కీడు కలగకూడదంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నేను కాపాడుతున్నది ఆమెనా, నా అహంకారాన్నా? ఎవరికి వారే వేసుకోవలసిన ప్రశ్న ఇది.

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఇప్పుడా భూతం సెల్‌ఫోనులో కాపురం పెట్టింది. పాస్‌వర్డ్ ఏమిటి? ఎవరితో మాట్లాడావు? వెంటనే ఎందుకు జవాబివ్వలేదు? నిశ్చితార్థం నాడు మొదలైన ఈ ఆరా, పెళ్లయ్యాక చేయి చేసుకునేదాకా పోయిన ఇళ్లున్నాయి. ఫోనులో ఏమీ దొరకలేదనుకోండి, అనుమానం తీరుతుందా? చెరిపేసి ఉంటుందిలే అంటుంది. రుజువులతో తీరే ఆకలి కాదది. ఎందుకంటే మనసు అనేది ఎదుటివారు స్వేచ్ఛగా ఇస్తేనే మనకు దక్కేది. కాపలా పెట్టి నిలుపుకుంటే మనిషి ఇంట్లో ఉండవచ్చు, మనసు ఉండదు.

మత్తయి సువిశేషం మొదటి అధ్యాయంలో పునీత జోజప్పగారిని చూడండి. లోకరీతిలో అనుమానించడానికి ఆయనకున్నంత కారణం మరెవరికుంది? అయినా మరియమ్మను నలుగురిలో నవ్వులపాలు చేయకూడదని ఆయన నిశ్చయించుకున్నారు. దేవదూత కలలో కనిపించి సంగతి చెప్పింది ఆ తర్వాతనే. అంటే, తన మనసులోని బాధ తీరకముందే ఆమె పరువు కాపాడారు. అసూయ తన హక్కని ఆయన అనుకోలేదు.

నమ్మకమంటే గుడ్డితనం కాదు. నిజంగా మోసం జరిగితే ప్రశ్నించాలి, పెద్దలకు చెప్పాలి. కొట్టే చేతిని ప్రేమ పేరుతో భరించమని శ్రీసభ చెప్పదు. అలాగే, ఎదుటివారి భయాన్ని తెలిసి కూడా దానితో ఆటలాడటం న్యాయం కాదు. మిగిలిన సందర్భాల్లో, “ఎక్కడికి వెళ్లావు?” అని నిలదీయడానికి బదులు “నాకు భయంగా ఉంది” అని చెప్పి చూడండి. మొదటి మాట తలుపు మూస్తుంది, రెండవది తెరుస్తుంది.

పీఠం ముందు వధూవరులు ఒకరి చేతిలో ఒకరు చేయి వేసి కష్టంలోనూ సుఖంలోనూ నమ్మకంగా ఉంటామని మాట ఇచ్చుకుంటారు. రేపు ఏమి జరుగుతుందో ఇద్దరికీ తెలియదు. తెలియకుండానే మాట ఇస్తారు, తెలియకుండానే ఆ మాటను నమ్ముతారు. పరిపూర్ణమైన ప్రేమలో భయానికి చోటు లేదని పునీత యోహానుగారు బోధించారు. ఆ ప్రేమ ఒక్కరోజులో రాదు. దానికోసం ఈ వారం కుటుంబ జపమాలలో మన ఇళ్లలోని జంటలందరినీ, పెళ్లికి సిద్ధమవుతున్న మన బిడ్డలనూ తలచుకుందాం.