అమ్మ తరఫున ఎవరు మాట్లాడారు?

ఉద్దానంలో, కవిటి మండలంలోని ఒక ఊళ్ళో ఒక తల్లి ఉండేది. పిల్లల చిన్నప్పుడే భర్త పోతే జీడిపిక్కలు ఒలిచి, కొబ్బరితోటల్లో కూలికెళ్ళి ముగ్గురు పిల్లల్ని పెంచింది. పెద్దకొడుకు పలాసలో జీడిపప్పు వ్యాపారంలో స్థిరపడ్డాడు. చిన్నకొడుకు ఆటో నడిపేవాడు. నడిమి సంతానం కూతురు. పదో తరగతితో చదువు ఆపేసి, ఊళ్ళోనే బట్టలు కుడుతూ తల్లి దగ్గరే ఉండేది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు తెలియని వీధి ఉండదు. అది ఎందుకొస్తోందో ఇన్ని పరిశోధనల తర్వాతా ఇదీ కారణమని తేలలేదు. ఆ జబ్బు ఈ తల్లినీ పట్టుకుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. దానికోసం ఎడమ చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా వేశారు. ఆ చేతికి సూది గుచ్చకూడదు, బీపీ పట్టా చుట్టకూడదు, బరువులు మోయకూడదు. తల్లి రోజూ పొద్దున్నే కుడిచేతి వేళ్ళు దానిమీద ఆనించి, లోపల గుయ్యిమని అదురుతోందో లేదో చూసుకునేది. అది ఆగిపోతే మళ్ళీ ఆపరేషను, మళ్ళీ వారాల తరబడి ఎదురుచూపు.

ఒక రాత్రి ఆమెకు జ్వరం తన్నుకొచ్చింది. ఆయాసం, మగత. ముగ్గురూ కలిసి విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

పెద్దకొడుకు గడప దాటుతూనే గొంతెత్తాడు. ఫోనులో ఎవరో నాయకుణ్ణి పట్టుకుని, మాట్లాడమని డ్యూటీ డాక్టరు చెవి దగ్గర పెట్టబోయాడు. ‘మా అమ్మకేదైనా అయితే ఊరుకోను’ అని నర్సు మీద విరుచుకుపడ్డాడు. అతను తల్లి కోసమే అరిచాడు, అందులో అబద్ధం లేదు. కానీ గంట తిరిగేసరికి ఆ మంచం వైపు రావాలంటేనే సిబ్బందికి జంకు పుట్టింది. వచ్చినవాళ్ళు పని ముగించుకుని, అడిగినదానికి ముక్తసరిగా బదులిచ్చి వెళ్ళిపోయేవారు.

చిన్నకొడుకు తీరు వేరు. కనబడిన తెల్లకోటుకల్లా దండం పెట్టాడు. ‘తమరే మా దేవుళ్ళు, ఏం చేసినా సరే’ అన్నాడు. ఇచ్చిన కాగితమల్లా చదవకుండా సంతకం పెట్టాడు. అతనికీ తల్లంటే ప్రాణమే. కానీ ‘మీ అమ్మగారు ఏ మాత్రలు వాడుతున్నారు?’ అని డాక్టరు అడిగితే, ‘అన్నీ వాడుతుందండి’ అన్నాడు.

కూతురు సంచిలోంచి డయాలసిస్ ఫైలూ, ఒక నోటుపుస్తకమూ తీసింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘ఎడమ చెయ్యి ముట్టుకోకూడదు’ అని ఉంది. దాని కింద మాత్రల పేర్లు, పడని మందు పేరు, చివరి డయాలసిస్ తేదీ, ఆ రోజు బరువు.

అర్ధరాత్రి షిఫ్టు మారింది. కొత్తగా వచ్చిన నర్సు సెలైన్ సూది పట్టుకుని ఎడమ చేతినే అందుకుంది. ‘సిస్టర్, ఆ చేతికి ఫిస్టులా ఉంది, కుడిచేతికి పెడతారా?’ అంది కూతురు. నర్సు చెయ్యి తాకి చూసి, అదురు తెలిసి, ‘మంచిపని చేశావమ్మా’ అంటూ ఇటువైపు వచ్చింది. ఆ చేతికి గుర్తుగా ఒక పట్టీ కూడా కట్టింది.

డ్యూటీ డాక్టరు బీపీ తక్కువగా ఉందని సెలైన్ వేగంగా ఎక్కించమన్నాడు. ‘సార్, అమ్మకి మూత్రం దాదాపు రాదండి. పోయిన డయాలసిస్ అయ్యాక బరువు 48 కిలోలు, ఇందాక తూస్తే 51 ఉంది’ అని నోటుపుస్తకం చూపించింది. ఆయన ఆగాడు. స్టెతస్కోపు వీపు మీద పెట్టి మళ్ళీ విన్నాడు. సెలైన్ వేగం తగ్గించి, డయాలసిస్ డాక్టరుకు కబురు పంపాడు.

ఆమె అడిగినవన్నీ ఒప్పులే అనుకోనక్కర్లేదు. ‘పక్క మంచం ఆయనకి రోజుకి మూడుసార్లు ఇస్తున్న యాంటీబయోటిక్, మా అమ్మకి ఒక్కసారే ఇస్తున్నారేంటండీ?’ అని అడిగింది. ‘కిడ్నీలు పనిచేయనివాళ్ళకి ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుందమ్మా. పైగా డయాలసిస్‌లో కొంత కొట్టుకుపోతుంది. అందుకే అది అయ్యాక ఇస్తాం’ అని డయాలసిస్ డాక్టరు చెప్పింది. ‘అలాగా మేడమ్’ అని అదీ రాసుకుంది. మర్నాడు తల్లిని డయాలసిస్‌కి తీసుకెళ్ళే ముందు ఒకరు అదే ఇంజెక్షను పట్టుకొచ్చారు. ‘ఇది డయాలసిస్ అయ్యాక కదండీ?’ అంది. వాళ్ళు చార్టు చూసుకుని, మందు పక్కన పెట్టారు.

మూడో రోజు ఊపిరి బరువెక్కింది. ఐసీయూకి మార్చాలనీ, అవసరమైతే గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చనీ డాక్టరు చెప్పింది. ‘ఏం పెడతారో పెట్టండి, లేదంటే ఈ క్షణమే వేరే ఆసుపత్రికి తీసుకుపోతాం’ అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు జేబులోంచి పెన్ను తీశాడు.

‘ఆగు తమ్ముడూ. అన్నియ్యా, అమ్మ మెలకువగానే ఉంది’ అని కూతురు మంచం దగ్గరికెళ్ళింది. డాక్టరు చెప్పింది ఇంటిమాటల్లో చెప్పి, ‘నీకేం కావాలమ్మా?’ అంది.

తల్లి ఆయాసపడుతూనే అంది: ‘మళ్ళీ లెగిసి తిరుగుతానంటే నాల్రోజులు గొట్టమేసినా ఓర్సుకుంటాను. లెగను అంటే మాత్రం ఇంటికాడ దింపీమను.’

కూతురు ఆ మాటను పెంచలేదు, తుంచలేదు. ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పింది. డాక్టరే స్వయంగా మంచం దగ్గరికి వచ్చింది. ఇది ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షను, తగ్గే జబ్బే, ముందు డయాలసిస్ చేసి ఒంట్లో నీరు తీస్తాం, గొట్టం అవసరం రాకపోవచ్చు, వచ్చినా కొద్దిరోజులకేనని ఆశిస్తున్నాం అని ఆమెకే చెప్పింది. తల్లి తలూపింది. నీరు తీశాక ఆయాసం తగ్గింది. గొట్టం వేయాల్సిన పని పడలేదు. జ్వరం దిగాక ఇంటికొచ్చింది.

చూడొచ్చిన ఇరుగుపొరుగు అడిగారు: ‘ముగ్గురిలో నిన్ను బాగా చూసుకున్నదెవరు?’

తల్లి అంది: ‘పెద్దోడు నా కోసం కొట్లాడినాడు. సిన్నోడు నా కోసం దండాలెట్టినాడు. గుంట నన్నడిగినాది.’

నీతి: జబ్బుపడ్డ తల్లిదండ్రుల తరఫున మాట్లాడటమంటే మన గొంతు వినిపించడం కాదు, వాళ్ళ గొంతు వినబడేలా చూడటం.

పెద్దకొడుకు వినిపించింది తన భయాన్ని. చిన్నకొడుకు వినిపించింది తన నిస్సహాయతను. తల్లి ఒంటి సంగతీ, తల్లి మనసులో మాటా చెప్పినది కూతురొక్కతే. ఆసుపత్రిలో డాక్టర్లు మారతారు, షిఫ్టులు మారతాయి. మారకుండా మంచం పక్కన ఉండేది ఇంటిమనిషే. అందుకే ఏ మాత్రలు వాడుతున్నారు, ఏ మందు పడదు, ఏ చెయ్యి ముట్టుకోకూడదు, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా వచ్చింది అన్న నాలుగు సంగతులూ కాగితం మీద ఉండాలి. వైద్యం డాక్టరుకు తెలుసు. ఆ మనిషి సంగతి మనకు తెలుసు. రెండూ కలిస్తేనే సరైన చికిత్స.

అడగడానికి జంకేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: అది మనకెవరో పెట్టిన భిక్ష కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం రూపొందించింది. అందులో 17 హక్కులున్నాయి. దాన్ని అమలు చేయమని కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలను కోరింది. జబ్బు గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం, రికార్డుల నకళ్ళు తీసుకోవడం, మరో డాక్టరు అభిప్రాయం కోరడం అందులోవే. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెబుతోంది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషనుకు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తీర్పిచ్చింది. కాబట్టి సంతకానికి ముందు ‘ఇది దేనికి? చేయకపోతే ఏమవుతుంది? వేరే దారి ఉందా?’ అని అడిగితే ఏ మంచి డాక్టరూ నొచ్చుకోడు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేరినవాళ్ళకు ఖర్చు సంగతులు చెప్పడానికి ఆసుపత్రిలో ఆ పథకం సహాయకులు ఉంటారు. వాళ్ళను మొదటిరోజే కలవాలి.

అరవడం హక్కు కాదు. ఆసుపత్రి సిబ్బంది మీద దౌర్జన్యాన్ని శిక్షార్హం చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, భయపడిన నర్సు మంచం దగ్గరికి రాదు. రాని నర్సు వల్ల నష్టం రోగికే.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న డాక్టరును అడిగేది కాదు, అమ్మానాన్నలను అడిగేది. తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగా రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసి, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలంది. కాగితం దాకా వెళ్ళకపోయినా, వాళ్ళు తిరుగుతూ మాట్లాడుతూ ఉన్నప్పుడే ఒక పూట కూర్చుని అడగండి. ఐసీయూ తలుపు దగ్గర నిలబడి వాళ్ళ మనసు ఊహించాల్సిన గతి ఏ బిడ్డకూ పట్టకూడదు.