ఆదివారము ఎవరిది?



ఘుగ్గుస్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలలో ఒక ప్రశ్న చాలాకాలంగా ఉన్నది. విశ్వాసి యూనియన్‌లో చేరవచ్చునా? సమ్మెకు కూర్చొనవచ్చునా? కొందరు పెద్దలు వద్దంటారు. దాసులు లోబడి ఉండవలెనని పౌలు కొలొస్సయులకు వ్రాసిన మాట చూపిస్తారు. యూనియన్లలో తగాదాలు, త్రాగుడు, పార్టీల గొడవ ఉన్నవంటారు. ఆ మాటను మేము కాదనము. అయితే అదే పత్రిక, నాలుగవ అధ్యాయము మొదటి వచనము, యజమానులతో మాట్లాడుచున్నది. పనివారికి న్యాయం చేయమని, తమ పైన కూడా ఒక యజమాని ఉన్నాడని మరువవద్దని చెప్పుచున్నది. సగం చదివి బైబిలు మూయుట సరికాదు గదా!

నిర్గమకాండము అయిదవ అధ్యాయము చూడండి. గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క మాత్రం తగ్గించనన్నాడు ఫరో. అప్పుడు ఇశ్రాయేలు నాయకులు అతని ఎదుటికి పోయి మొరపెట్టుకొన్నారు. అది పాపమని లేఖనము ఎక్కడా అనలేదు.

మనము ఆనందించే ఆదివారము సంగతే తీసుకొందాము. బొంబాయి బట్టల మిల్లులలో ఒకప్పుడు కార్మికునికి వారపు సెలవు లేదు. జోతీబా ఫూలే అనుచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల సంఘము కట్టి, ఆ సెలవు కొరకు పోరాడాడు. బొంబాయిలో స్థిరపడిన తెలుగు కాంట్రాక్టర్లు కొందరు ఫూలే ఉద్యమానికి తోడ్పడ్డారు. చివరకు 1890లో మిల్లు యజమానులు ఆదివారము సెలవు ఒప్పుకొన్నారు. లోఖండే మన ప్రభువు దినమని అడగలేదు, ఖండోబా దేవుని రోజని అడిగాడు. అయినా దేవుడు ఆ పోరాటంలో లేడని మేము అనలేము. విశ్రాంతి దినము దాసునికి, దాసికి కూడా కావలెనని ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయము చెప్పుచున్నది. మీరూ ఐగుప్తులో దాసులే అని దానికి కారణము కూడా చూపుచున్నది.

బొగ్గు గనుల సంగతీ అంతే. 1973లో గనులు జాతీయమైన తరువాత యూనియన్లు, యాజమాన్యము కలిసి కూర్చొని వేతన ఒప్పందాలు చేసుకొంటూ వచ్చారు. మన ఇండ్లలో పిల్లల చదువులు, ఊరిలో కట్టిన ఇండ్లు చాలా మట్టుకు ఆ ఒప్పందాల ఫలమే. చందా రసీదు మనము చింపినా, చింపకపోయినా, ఫలము మాత్రం తిన్నాము. కాబట్టి యూనియన్ అపవిత్రమని దూరంగా నిలిచి, పెరిగిన జీతం మాత్రం తీసుకొనుట విశ్వాసికి తగునా?

అయితే ఇంతకంటె కష్టమైన ప్రశ్న మన సంఘములోనే ఉన్నది. మనలో పర్మినెంటు వారున్నారు, కాంట్రాక్టు వారున్నారు. పర్మినెంటు వారికి ఆదివారము డ్యూటీ పడితే రెట్టింపు వేతనము. కాంట్రాక్టు సహోదరుడు ఆదివారము రానంటే సోమవారము పని ఉంటుందో లేదో తెలియదు. అంటే మనలో కొందరికి గుడికి రాకపోవడము లాభము, కొందరికి గుడికి రావడము నష్టము. ఇద్దరినీ 'భక్తి తగ్గినది' అనే ఒకే మాటతో కొలుచుట న్యాయమేనా?

గనుల కాంట్రాక్టు కార్మికులకు 2013 నుండి హై పవర్ కమిటీ వేతనాలు నిర్ణయించబడినవి. కాగితము మీది రేటు కూలీ చేతికి రావలెనంటే ఎవరో ఒకరు అడగవలెను. అడిగినవాడు ఒంటరివాడైతే మరునాడు గేటు బయట ఉంటాడు. అడగగలిగినది పర్మినెంటు ఉద్యోగమున్న మనమే. మన బోనస్ కోసం జెండా పట్టి, ప్రక్కవాని హాజరు కార్డు కోసం నోరు మెదపకపోతే, అది సంఘీభావము కాదు, స్వలాభమే.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్ర వేరుగా ఉన్నది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు పని, కూలి దొరికినవి. పని నడిచినంత కాలము బాప్తిస్మము ఇవ్వడము ఆపినాడు. కూలి కోసమే విశ్వాసమని ఎవరూ అనకూడదని ఆయన భయము. 1878 జూలై 3న 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనమందరము గర్వముగా చెప్పుకొంటాము. దానికి ముందు ఆ కాలువ గట్టు ఉన్నదని కూడా చెప్పుకొనవలెను.

కొరింథు సంఘములో కలిగినవారు ముందుగా వచ్చి తిన్నారు, లేనివారు ఆకలితో మిగిలిపోయారు. పౌలు దానిని ప్రభువు రాత్రి భోజనమే కాదన్నాడు, ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. మా మనవి కూడా అంతే. ప్రభువు బల్ల ఉన్న ఆదివారము ఆరాధన ఉదయమే ముగియనవసరము లేదు. షిఫ్టు దిగి, బొగ్గు మసి కడుగుకొని వచ్చే సహోదరుని కోసం సాయంత్రము వరకు ఆగుదాము. వాని కోసం ఆగడము నేర్చుకొంటే, వాని కోసం అడగడము కూడా నేర్చుకొంటాము.

ప్రభువు మనకు అట్టి మనస్సు అనుగ్రహించును గాక. ఆమేన్.