సగం అనే మాట

1966 సెప్టెంబరులో అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ ‘స్టార్ ట్రెక్’ అనే ధారావాహిక ప్రసారం మొదలుపెట్టింది. అందులో స్పాక్ అనే అధికారి ఉన్నాడు. తండ్రిది వల్కన్ గ్రహం, తల్లి మన భూమి మనిషి. మొనదేలిన చెవులు, ఆకుపచ్చ నెత్తురు. ఆ చెవులు చూసి జనం సైతాను అనుకుంటారేమోనని సంస్థవారు ముందే జంకారు. ప్రచారం కోసం అచ్చువేసిన పుస్తకంలో చెవుల మొనలు చెరిపేయించారు. కథలో వెలి సంగతి రాకముందే పాత్రకే వెలి తగిలింది.

ఓడలో డాక్టర్ మెకాయ్ ఆ చెవుల మీదా, నెత్తురు మీదా విసుర్లు విసురుతూనే ఉంటాడు. పోనీ, తండ్రి గడ్డ మీద? అయిదేళ్ళప్పుడు తోటి పిల్లలు ‘అసలు వల్కన్‌వే కాదు’ అని ఏడిపించిన సంగతి 1967లో వచ్చిన ఒక భాగంలో తల్లి గుర్తుచేస్తుంది. మనుషులకు అతడు వల్కన్, వల్కన్లకు మనిషి. రెండుచోట్లా లెక్కకు వచ్చేది అతనిలో లేని సగమే.

అయినా ఓడలో అతనికి గౌరవం ఉంది కదా అనవచ్చు. నా సందేహం అక్కడే. అంతటి పనిమంతుడు ఆ ఓడలో మరొకడు లేడు గనుక గౌరవించారు. అతడు సామాన్యుడై ఉంటే? పదిమందికి అక్కరకొచ్చినందుకు దొరికే చోటు కూలి వంటిది. పని ఆగితే కూలీ ఆగుతుంది. మనిషికి దక్కవలసిన చోటు అది కాదు.

1968లో నల్లజాతి తల్లికీ తెల్లజాతి తండ్రికీ పుట్టిన ఒక బాలిక, తనను ఎవరూ కలుపుకోవడం లేదని స్పాక్‌కే ఉత్తరం రాసింది. ఆ పాత్రధారి లెనార్డ్ నిమోయ్ ఒక పత్రికలో జవాబిచ్చాడు. పదిమంది మెప్పు కోసం పాకులాడకు, నీ విలువ నీవు తెలుసుకో అన్నది దాని సారాంశం. ఆ పిల్లకు అది ఊరటే. కాని గాయపడినవాళ్ళకే ధైర్యం నూరిపోసి ఊరుకుంటే, గాయపరిచినవాళ్ళను అడిగేదెవరు?

నిమోయ్ ఉక్రెయిన్ నుంచి వలసవచ్చిన యూదుల బిడ్డ, బోస్టన్‌లో పెరిగాడు. చిన్ననాడు ప్రార్థనా మందిరంలో పూజారులు ఆశీర్వదించేటప్పుడు వేళ్ళు విడదీసి పట్టే తీరు చూశాడు. దాన్నే వల్కన్ల నమస్కారంగా పెట్టాడు. ఒక చిన్న సమాజపు ముద్రను లోకమంతా ఇష్టంగా పట్టింది. దాచుకోవలసినదేమీ లేదని అంతకంటె ఎవరు చెప్పగలరు?

ఇదంతా మనకెందుకంటారా? హోసూరులోనో బళ్ళారిలోనో పుట్టిన మన పిల్లవాడు విజయవాడ వెళితే, వాడి మాటలోని అరవం, కన్నడం ఏరి నవ్వుతారు. ఇక్కడేమో వాడు తెలుగువాడు. ఆ నవ్వు మనకు గుచ్చుకుంటుంది. అయితే పరభాషా కోడలు మనింటికొస్తే, ఆమె బిడ్డ నోట తెలుగు తడబడితే, ‘వీడు మనవాడేనా’ అనేది మనమే. తక్కెడ వాళ్ళ చేతిలో ఉంటే అన్యాయమూ, మన చేతిలో ఉంటే ఆచారమూ అవుతుందా? ఆ బిడ్డకు రెండు భాషలున్నాయి, ఇద్దరు అవ్వలున్నారు. సగం అనడానికి అందులో తక్కువేముందో నాకు తోచడం లేదు.