లేని జాతికి చరిత్ర రాసేటప్పుడు

వీడియో ఆటల గురించి ఆదివాసీ రచయితల పుస్తకంలో వ్యాసం ఎందుకని కొందరు ఉపాధ్యాయులు అడగవచ్చు. మన యువకులు ఆడుతున్నారు కాబట్టి అన్నది ఒక జవాబు. అది చిన్న జవాబు. ఆ ఆటల్లో కొన్ని ఏకంగా జాతుల్నే పుట్టిస్తాయి. ఒక కొండసీమ, అందులో మనుషులు, వాళ్ళ దేవతలు, యుద్ధాలు, ఎవరి భూమిని ఎవరు తీసుకున్నారన్న తగాదా, ఇదంతా ముందే కల్పించి పెడతాయి. ఆడేవాళ్ళు దాన్ని ‘లోర్’ అంటారు. మనం పూర్వగాథ అనుకుందాం. మన కోయ డోలీలు పడిగె బట్ట మీది బొమ్మలు చూపిస్తూ వేల్పుల కథ చెబుతారు. ప్రధాన్లు కిక్రి వాయిస్తూ గోండు వంశాల కథ పాడతారు. పూర్వగాథ ఒక జాతికి ఏమిటో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. అందుకే అడుగుతున్నాం: ఎక్కడో ఒక కంపెనీ గదిలో లేని జాతికి పూర్వగాథ రాసేవాళ్ళకు ఏమైనా బాధ్యత ఉంటుందా? లేనివాళ్ళకు అన్యాయం చేయడం కుదురుతుందా?

ఒక ఆటను దగ్గరగా చూద్దాం. పేరు ‘స్కైరిమ్’. అమెరికాలోని బెథెస్డా కంపెనీ 2011 నవంబరులో విడుదల చేసింది. ‘ఎల్డర్ స్క్రోల్స్’ అనే వరుసలో ఇది ఐదవది. ఆ ఆటలో ఇళ్ళలో, గుహల్లో, రాజుల కోటల్లో వందలకొద్దీ పుస్తకాలు ఉంటాయి. నిజంగానే తెరిచి చదువుకోవచ్చు. చాలామంది చదవరు, కత్తి పట్టుకొని ముందుకు పోతారు. చదివినవాళ్ళకు మాత్రం పడమటి కొండల్లో ఉన్న ‘రీచ్’ అనే ప్రాంతం వేరేగా కనిపిస్తుంది.

రీచ్‌లో ‘ఫోర్స్‌వోర్న్’ అనేవాళ్ళు ఉంటారు. జంతు చర్మాలు కట్టుకొని, ఎముకలు తగిలించుకొని, తలకు కొమ్ములు పెట్టుకొని కొండదారుల్లో కాపు వేసి దాడి చేస్తారు. (ఆ వేషం చూస్తే మనకు పాత తెలుగు సినిమాల్లో ఈకలు పెట్టుకొని గంతులేసే ‘కోయదొర’ గుర్తుకు రాక మానడు.) ఊళ్ళోవాళ్ళు వాళ్ళను పిచ్చివాళ్ళంటారు. కానీ ఒక పుస్తకం తెరిస్తే సంగతి మారిపోతుంది. వాళ్ళు ఆ కొండల పాత మనుషులు. ఉత్తరాది నార్డులు వచ్చి నేల తీసుకున్నారు. సామ్రాజ్యం వేరే యుద్ధంలో చిక్కుకున్న సమయంలో కొండవాళ్ళు తిరగబడి మార్కార్త్ నగరాన్ని పట్టుకొని రెండేళ్ళు ఏలుకున్నారు. అప్పుడు ఉల్ఫ్రిక్ అనే నార్డు నాయకుడు దండుతో వచ్చి నగరాన్ని తిరిగి తీసుకొని, లొంగిపోయినవాళ్ళనూ తనతో కలిసి కత్తి పట్టనివాళ్ళనూ చంపించాడని ఇంకో పుస్తకం చెబుతుంది. నార్డులలో చాలామందికి అదే ఉల్ఫ్రిక్ వీరుడు.

మార్కార్త్‌లో వెండి గని ఉంది, సిద్నా గని. అది సిల్వర్‌బ్లడ్ అనే ధనిక కుటుంబానిది. ఆ గనే జైలు కూడా. ఖైదీలు వెండి తవ్వుతారు, లాభం యజమానులకు పోతుంది. మన నాయక పాత్ర చేయని నేరానికి అందులో పడుతుంది, చేతికి గునపం ఇస్తారు. లోపల తిరుగుబాటు రాజు మదనాక్ ఉంటాడు. అతను వెంటనే పనిలోకి దింపడు. ముందు బ్రేగ్ అనే ముసలి ఖైదీ దగ్గరకు పోయి అతని కథ వినమంటాడు. బ్రేగ్ చేసిన తప్పల్లా ఒకసారి మదనాక్‌తో మాట్లాడడం. అతని కూతురు తండ్రికి బదులు తనను శిక్షించమని వేడుకుంది. వాళ్ళు తండ్రి కళ్ళముందే ఆమె తల నరికి, తండ్రిని ఎలాగూ గనిలో వేశారు. ఇక్కడ ప్రతివాడి దగ్గరా ఇలాంటి కథ ఉందని మదనాక్ చెప్పదలచుకున్నది. ఈ ఘట్టం రాసినవాళ్ళకు ఏదో తెలుసు. గనులూ జైళ్ళూ కొండమనుషులూ ఒకేచోట ఎందుకు చేరతారో వాళ్ళు ఎక్కడో చదివే ఉంటారు, లేదా చూసి ఉంటారు.

ఇంతవరకూ మెచ్చుకోవలసిందే. పరస్పరం పొసగని కథల్ని పక్కపక్కన పెట్టి, తేల్చుకోవడం ఆడేవాళ్ళకు వదిలేయడం మన చరిత్ర పాఠ్యపుస్తకాలు కూడా చాలాసార్లు చేయని పని.

ఇబ్బంది ఇంకోచోట ఉంది. పుస్తకం చెప్పేది ఒకటి, ఆట నియమాలు చేయించేది ఒకటి. ఫోర్స్‌వోర్న్ శిబిరం దగ్గరకు వెళ్తే వాళ్ళు చూసిన వెంటనే బాణం వేస్తారు. నమస్కారం పెట్టే మీట లేదు. మదనాక్ పక్షాన నిలిచి అతన్ని గని నుంచి తప్పించినా, అతను చేరిన ఒక్క స్థావరంలో ఉన్నవాళ్ళే స్నేహితులవుతారు. మిగతా కొండంతా ఎప్పటిలాగే శత్రువు. దేశంలో అంతర్యుద్ధం నడుస్తుంటే సామ్రాజ్యం వైపు చేరవచ్చు, ఉల్ఫ్రిక్ వైపు చేరవచ్చు. కొండవాళ్ళ వైపు చేరే మూడో దారి లేదు. పూర్వగాథ వాళ్ళ బాధ వినమంటుంది, ఆట వాళ్ళను చంపి జేబులు వెతకమంటుంది.

రెడ్ ఈగిల్ కథ దీనికంటే చేదు. అతను రీచ్ ప్రజల పురాతన వీరుడు. సామ్రాజ్యంతో పోరాడి చనిపోతూ తన కత్తిని ప్రజలకు ఇచ్చాడు. ఆ కత్తి తిరిగి తన దగ్గరకు చేరిన నాడు లేచి వాళ్ళను నడిపిస్తానని మాట ఇచ్చాడు. ఆడేవాడు ఈ గాథ చదువుతాడు. కొండవాళ్ళను చంపి కత్తి తెచ్చుకుంటాడు, సమాధి తలుపు తెరుస్తాడు. గాథలో చెప్పినట్టే వీరుడు లేస్తాడు. లేచినవాడిని మళ్ళీ చంపాలి. బహుమతిగా ఇంకా పదునైన కత్తి దొరుకుతుంది. ఒక జాతి తరతరాలుగా ఎదురుచూసిన మనిషి ఒక వస్తువు కోసం ఐదు నిమిషాల్లో అయిపోతాడు. ఆ తర్వాత దాని గురించి అడిగే పాత్ర ఒక్కటీ మాకు కనబడలేదు.

ఇంకో మాట. మేము చెప్పిన ఆ రెండు పుస్తకాల్నీ, రెడ్ ఈగిల్ గాథనూ ఆ లోకంలో రాసింది కొండవాళ్ళు కాదు. మొదటి రెండూ సామ్రాజ్యపు పండితుడివి, మూడవది ఒక దూరపు కళాశాల గ్రంథపాలకుడిది. సానుభూతి ఉన్నా కలం బయటివాళ్ళదే. గెజిటీర్లలో మన తాతల్ని చదువుకున్నవాళ్ళకు ఈ అనుభవం తెలిసిందే.

ఇదంతా ఆట కదా, లేనివాళ్ళ కోసం ఇంత బాధ దేనికి అని మన యువకులే అంటారు. ఆ మాటను తీసిపారేయలేం. కల్పిత శత్రువును చంపినవాడు బయట ఎవర్నో చంపుతాడని మేము అనడం లేదు. అయితే ఈ జాతి పుట్టుకతోనే ఇలాంటిది అన్న వాక్యం ఆటల్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత బల్లాటలో, అంటే ఈ కంప్యూటర్ ఆటలన్నిటికీ తల్లిలాంటి దానిలో, ఒర్క్‌ల వంటి జాతుల పేరు పక్కన స్వభావం ‘చెడు’ అని అచ్చువేసి ఉండేది. ఒక్క ఒర్క్ చెడ్డవాడు కాదు, జాతి మొత్తం. ఇక్కడ మన దగ్గర బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కూడా అలాంటి వాక్యమే రాసింది. తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకల వాళ్ళ పేరు ఆ జాబితాలోకి ఎక్కింది. చట్టం రద్దు కావడానికి 1952 దాకా పట్టింది, ఆ మాట ఇప్పటికీ కొన్ని నోళ్ళలో ఉంది. ఒకటి ఆట, ఒకటి చట్టం, రెండూ ఒకటే అనం. పుట్టుకను బట్టి మనిషి గుణం రాయవచ్చనే అలవాటు మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఆ ఆట యజమానులు 2022 డిసెంబరులో ‘రేస్’ అనే మాటనే వదిలేస్తామని ప్రకటించారు. మాట మారడం చిన్న విషయం కాదు, అదే చాలదు కూడా.

ఉన్న జాతి గాథను తీసుకొనేటప్పుడు ప్రశ్న మరింత సూటిగా ఉంటుంది. 2014లో అలాస్కాలో ‘నెవర్ అలోన్’ అనే ఆట వచ్చింది. ఇన్యూపియాట్ భాషలో దాని పేరు ‘కిసిమా ఇంగిచునా’. నూనా అనే చిన్నపిల్ల, ఒక తెల్ల నక్క కలిసి ఆగని మంచుతుఫానుకు కారణం వెతుకుతూ పోతారు. కుక్ ఇన్‌లెట్ గిరిజన మండలి పూనుకొని చేయించింది. కథ రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లాండ్ అనే పెద్దాయన చెప్పినది. ఆయన లేరు కాబట్టి ఆయన కూతురు మిన్నీ గ్రే దగ్గరకు వెళ్ళి అనుమతి అడిగారు. ఆటలో కథ చెప్పే గొంతు ఇన్యూపియాట్ భాషలోనే వినిపిస్తుంది. ఆడుతూ పోతే మధ్యలో ఆ పెద్దలు స్వయంగా మాట్లాడే చిన్న చిత్రాలు తెరుచుకుంటాయి. ఇది కత్తుల ఆట కాదు, స్కైరిమ్ అంత పెద్దదీ కాదు. కథ ఎవరిదో వాళ్ళ గడప దగ్గర నిలబడి అడిగారన్నదే మాకు ముఖ్యం.

మన పిల్లల్లో కొందరు ఇంజనీరింగ్ చదువుతున్నారు, రేపు ఆటలు చేస్తారు. సమ్మక్క సారలమ్మలనో, పెర్సపేన్ కథనో పెట్టాలని వాళ్ళకు ఉంటుంది. అప్పుడు ఎవర్ని అడగాలి? ఊరి పూజారినా, వంశం పెద్దనా, ఆ కథను ఇన్నాళ్ళు నోట మోసిన కళాకారుడినా? పూజ దగ్గర మాత్రమే పాడవలసిన పాటను ఎప్పుడుపడితే అప్పుడు నొక్కి వినే మీటగా మార్చవచ్చా? మా మధ్య దీని మీద ఒకే అభిప్రాయం లేదు. కొందరం అందరికీ తెలిస్తేనే బతుకుతుందన్నాం, కొందరం కొన్ని గుట్ట దాటకూడదన్నాం. ఇంకొక ప్రశ్న కూడా వచ్చింది, దానికీ జవాబు దొరకలేదు. మన గాథల్లోనూ ఓడిపోయినవాళ్ళు ఉన్నారు. మన వీరుడి చేతిలో చచ్చిన పక్క కొండవాళ్ళు, మన పాటలో పేరు లేని దండు. మనం చేసే ఆటలో వాళ్ళు చూసిన వెంటనే బాణం వేసేవాళ్ళుగానే ఉంటారా, లేక వాళ్ళ దగ్గరకు పోయి కూర్చొని కథ అడిగే దారి ఒకటి పెడతామా?